భవానీ ద్వీపమా, మూలపాడా?

ప్రశ్న: ఆదివారం పిల్లల్ని ఎక్కడికైనా తీసుకెళ్లాలండీ, మాల్స్ వద్దు. ఆడుకోవడానికి చోటు, చెట్లు, పిట్టలు అన్నీ ఉన్న పార్కు మన బెజవాడలో ఉందా?
– ఒక పాఠకురాలు, పటమట

జవాబు: అన్నీ ఒకేచోట కావాలంటే భవానీ ద్వీపమేనమ్మా. ప్రకాశం బ్యారేజీకి ఎగువన కృష్ణ మధ్యలో దాదాపు 130 ఎకరాలు, బోటులోనే వెళ్లాలి, పిల్లలకు సగం సరదా అక్కడే తీరిపోతుంది. కాకపోతే పైనుంచి వరద వస్తే బోట్లు ఆపేస్తారు, వానాకాలంలో అయితే ముందే కనుక్కుని బయల్దేరండి, ఘాట్ దాకా వెళ్లాక పిల్లల ఏడుపు వినే టెన్షన్ ఉండదు.

అసలైన అడవి చూపించాలంటే మాత్రం ఇబ్రహీంపట్నం దగ్గర మూలపాడు సీతాకోకచిలుకల పార్కు. వానలు పడ్డాక వెళ్లండి, అదీ కాస్త ఎండెక్కాక, ఎందుకంటే ఒంటికి వెచ్చదనం తగిలేదాకా అవి సరిగా ఎగరలేవు. నీళ్లూ తిండీ మీరే పట్టుకెళ్లండి.