సైటు ఆదాయం జీతాన్ని దాటింది, ఉద్యోగం మానేయవచ్చా?

ప్రశ్న: నా వయసు 34. హనుమకొండలో ఉంటాం. ప్రైవేటు కంపెనీలో ఉద్యోగం, చేతికి వచ్చే జీతం రూ.46,000. నాలుగేళ్లుగా ఉద్యోగ ప్రకటనలు, పరీక్షా ఫలితాల సమాచారంతో తెలుగులో ఒక వెబ్‌సైటు నడుపుతున్నాను. గత 12 నెలల్లో దాని మీద రూ.6,84,000 వచ్చింది, అంటే నెలకు 57,000. ఇందులో 60,000 పుస్తకాల లింకుల మీద కమీషన్, మిగతాది గూగుల్ యాడ్‌సెన్స్ (సైట్లలో వాణిజ్య ప్రకటనలు వేసి డబ్బు చెల్లించే సేవ) నుంచి. ఇంటి ఖర్చు 38,000. పర్సనల్ లోన్ ఇంకా 3,20,000 ఉంది, వాయిదా 11,000. పొదుపు 1,60,000. ఉద్యోగం మానేసి పూర్తిగా సైటు మీదే కూర్చోవాలని ఉంది. నెలకు 40,000 తెస్తున్న మరో సైటును ఒకాయన 9 లక్షలకు ఇస్తానంటున్నారు. నా భార్య బంగారం తాకట్టు పెట్టి కొందామనుకుంటున్నాను. ఆయన ఆదాయం స్క్రీన్‌షాట్లు పంపారు. నా సైటు పేరును మొదట్లో ఒక స్నేహితుడు తన ఖాతాలో రిజిస్టర్ చేశాడు. పన్ను సంగతి కూడా చెప్పండి. నెలవారీ ఆదాయ పట్టిక జతచేస్తున్నాను.

జవాబు: పట్టిక పంపడం మంచిపని చేశారు. ఎందుకంటే మీరు చెప్పిన 57,000 అందులో ఏ నెలలోనూ లేదు. ఇంటర్, పదో తరగతి ఫలితాల నెలలో 1,48,000 ఉంది. పెద్ద నోటిఫికేషన్ పడిన మరో నెలలో 1,21,000 ఉంది. ఈ రెండింటినీ పక్కన పెడితే మిగిలిన పది నెలలకు వచ్చింది 4,15,000, అంటే నెలకు 41,500. వార్తలు రాసిపెట్టే ఇద్దరు విద్యార్థులకు నెలకు 9,000, హోస్టింగుకు (సైటును ఇంటర్నెట్‌లో ఉంచే సర్వరు అద్దెకు) సుమారు 2,000 ఇస్తున్నట్టు పట్టిక కిందే రాశారు. అవి పోను 30,500. మీ ఇంటికి, వాయిదాకు కలిపి కావలసింది 49,000. ఉద్యోగం మానేస్తే ఏడాదిలో పది నెలలు అప్పు చేసి బతకాలి, రెండు నెలలు ఆ అప్పు తీర్చాలి. అన్నింటికన్నా తక్కువ వచ్చిన నెలలో మీకు ముట్టింది 19,000. కుటుంబాన్ని నడిపే నిర్ణయానికి ఆ అంకెనే చూడాలి.

వాణిజ్య ప్రకటనల ఆదాయానికి ఇంకో గుణం ఉంది. దసరా, దీపావళి నుంచి డిసెంబరు దాకా కంపెనీలు ప్రకటనలకు బాగా ఖర్చు పెడతాయి, జనవరిలో చేయి బిగిస్తాయి. అంతే మంది చదివినా డబ్బు తగ్గుతుంది. పైగా మీ పాఠకుల్లో ఎక్కువ మంది గూగుల్ వెతుకులాట నుంచే వస్తున్నారు. గూగుల్ తన లెక్కలు మార్చుకున్న ప్రతిసారీ, 2024 మార్చి మార్పుల్లో లాగా, ఎన్నో సైట్లు రాత్రికి రాత్రి అడుగుకు పడిపోయాయి. మీది కౌలు భూమి. పంట మీదే, గట్టు మాత్రం ఎప్పుడు ఎటు జరుగుతుందో మీ చేతిలో లేదు.

ఇప్పుడు ఆ 9 లక్షల సైటు సంగతి. మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ కలవరపెట్టింది ఇదే. అమ్మే వ్యక్తి పంపినవి స్క్రీన్‌షాట్లు మాత్రమేనని రాశారు. స్క్రీన్‌షాట్‌లో అంకె మార్చడానికి పదో తరగతి పిల్లవాడికి రెండు నిమిషాలు చాలు. వీడియో కాల్‌లో ఆయన తన యాడ్‌సెన్స్ ఖాతా మీ ఎదుటే తెరిచి, పేజీని మళ్లీ లోడ్ చేసి, 24 నెలల ఆదాయం చూపించాలి. సందర్శకుల లెక్కలు చూపే గూగుల్ అనలిటిక్స్, సెర్చ్ కన్సోల్ మీరు చూడటానికి మాత్రమే వీలుగా అనుమతి ఇవ్వాలి. అక్కడ మొదట చూడవలసింది మొత్తం సందర్శకులను కాదు, ఎక్కడి నుంచి వస్తున్నారన్నది. తెలుగు సైటుకు సందర్శకులు సంబంధం లేని విదేశాల నుంచి కుప్పలుగా వస్తుంటే అది కొనుక్కున్న రద్దీ.

రెండో చిక్కు చాలామందికి తెలియదు. యాడ్‌సెన్స్ ఖాతా ఒకరి నుంచి మరొకరికి బదిలీ కాదు. సైటు మీ చేతికి వస్తుంది, ఆదాయం రాదు. ఆ సైటును మీ ఖాతాలో చేర్చి, గూగుల్ పరిశీలన పూర్తయ్యాకే ప్రకటనలు మొదలవుతాయి. ఆ సైటులో దొంగ క్లిక్కుల వ్యవహారం ఏదైనా ఉంటే చర్య మీ ఖాతా మీద పడుతుంది. ఆ ఖాతాయే ఇప్పుడు మీ సొంత సైటుకూ అన్నం పెడుతోంది. నెలకు 40,000 వస్తున్న సైటును 23 నెలల ఆదాయానికే వదులుకుంటున్నాయన ఎందుకు వదులుకుంటున్నారో అడిగారా? జవాబు నిజాయితీగా ఉండవచ్చు. కానీ బంగారం తాకట్టు పెట్టి తెలుసుకోవలసిన జవాబు కాదు. మీ శ్రీమతికి ఈ ఆలోచన తెలుసో లేదో కూడా మీరు రాయలేదు.

ఒక చిన్న లెక్క వేశాను, కోపగించుకోవద్దు. సైటు ఖర్చులు పోను ఏడాదికి మీకు మిగిలింది 5,52,000. జీతం నుంచి ఇంటికి, వాయిదాకు తగ్గేది నెలకు 3,000, ఏడాదికి 36,000. అంటే చేతిలో 5,16,000 నిలవాలి. మీ పొదుపు 1,60,000. మిగతా మూడున్నర లక్షలు ఏమయ్యాయి? జీతం, సైటు డబ్బు ఒకే ఖాతాలో పడుతుంటే ఇలాగే జరుగుతుంది, ఎవరినీ తప్పు పట్టలేం. సైటు డబ్బుకు వేరే ఖాతా తెరవండి. యాడ్‌సెన్స్ చెల్లింపు నెలలో 21 నుంచి 26 మధ్య వస్తుంది. అది అక్కడే పడనివ్వండి. ఆ ఖాతా నుంచి ఇంటికి నెలకు 10,000 మించి తీయవద్దు. ఆదాయం గత ఏడాదిలాగే ఉంటే మిగిలేదానితో తొమ్మిది, పది నెలల్లో లోన్ తీరిపోతుంది. ముందుగా కట్టేస్తే రుసుము ఎంతో బ్యాంకును అడిగి మొదలుపెట్టండి. పొదుపు 1,60,000 ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో కదలకుండా ఉండాలి.

లోన్ తీరాక, తొమ్మిది నెలల ఇంటి ఖర్చు, అంటే సుమారు 3,42,000 పోగయ్యాక, బాగా తక్కువ వచ్చిన ఆరు నెలల సగటు కూడా ఖర్చులు పోను 38,000 దాటినప్పుడు రాజీనామా గురించి మాట్లాడుకుందాం. అప్పటిదాకా ఉద్యోగం మీ సైటుకు పెట్టుబడిదారు అనుకోండి. కాకపోతే బయటి ఆదాయానికి మీ నియామక పత్రం ఒప్పుకుంటుందో లేదో ఒకసారి చదవండి. ఉద్యోగంలో ఉండగానే కుటుంబానికి సొంత ఆరోగ్య బీమా, మీ పేర టర్మ్ పాలసీ తీసుకోండి. జీతం స్లిప్పు ఉన్నవారికి టర్మ్ పాలసీ తేలిగ్గా దొరుకుతుంది. కంపెనీ ఇచ్చే బీమా మాత్రం రాజీనామాతో పోతుంది. వ్యక్తిగత పాలసీల ప్రీమియం మీద 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్‌టీ లేదు.

పన్ను. గూగుల్ డబ్బు విదేశం నుంచి వచ్చిందని పన్ను పడదనుకోవడం పొరపాటు. మీ వార్షిక జీతం సుమారు 6 లక్షలు అనుకుంటే, 75,000 స్టాండర్డ్ డిడక్షన్ పోను 5,25,000. సైటు లాభం 5,52,000. మొత్తం 10,77,000. కొత్త విధానంలో 12 లక్షల లోపు కాబట్టి రిబేటుతో (పన్ను మాఫీతో) పన్ను సున్నా అవుతుంది, కానీ రిటర్న్ తప్పదు. ఇన్నాళ్లూ జీతం చూపిస్తూ వేసిన ఐటీఆర్-1 (జీతం ఉన్నవారి రిటర్న్ ఫారం) మీకు పనికిరాదు. పుస్తకాల లింకుల మీద 60,000 కమీషన్ కూడా వచ్చిందన్నారు. కమీషన్ ఆదాయం ఉన్నవారికి ఊహాజనిత పన్ను విధానం (వసూళ్లలో ఇంత శాతం లాభమని చూపించే పద్ధతి) వర్తించదు. డిజిటల్ వసూళ్లలో ఆరు శాతం లాభం చూపిస్తే చాలని ఎవరైనా చెబితే వినకండి. వ్యాపార ఆదాయం ఉన్నవారి ఐటీఆర్-3 వేయండి, అసలు లాభమే చూపండి. రేపు ఇంటి రుణానికి వెళితే బ్యాంకు అడిగేది ఆ రిటర్న్‌లే. విద్యార్థులకు ఇచ్చే డబ్బు ఖాతా ద్వారానే పంపండి, అప్పుడు ఖర్చుకు రుజువు ఉంటుంది. సేవల వ్యాపారంలో ఏడాది వసూళ్లు 20 లక్షలు దాటేదాకా జీఎస్‌టీ రిజిస్ట్రేషన్ అక్కరలేదు.

చివరగా, మీ సైటు పేరును మొదట్లో ఒక స్నేహితుడు తన ఖాతాలో రిజిస్టర్ చేశాడని ఒక్క వాక్యంలో రాసి వదిలేశారు. నేను ఒకప్పుడు ఇలాగే వదిలేశాను. రెన్యూవల్ గుర్తుచేసే మెయిల్ మా దగ్గర మానేసిన ఉద్యోగికి వెళ్లింది, గడువు దాటింది, ఆ పేరు ఎవరో కొనేసి మాకే పది రెట్ల ధర చెప్పారు. ఈ ఆదివారం ఆ స్నేహితుడి ఇంటికి వెళ్లి, ఇద్దరూ పక్కపక్కన కూర్చుని, ఆ పేరును (డొమైన్‌ను) మీ ఖాతాకు మార్పించుకోండి. ఆ వెంటనే అయిదేళ్లకు డబ్బు కట్టేయండి.