ఇండెక్స్ ఫండ్‌లో నెలకు 5 వేలు వేయొచ్చా? ఆదోని నుంచి నా అనుభవం

“టీచరు ఉద్యోగం, నెలకు 5 వేలు మిగులుతాయి, ఇండెక్స్ ఫండ్‌లో వేస్తే మునుగుతానా?” అని అడిగారు. వేయండి సార్. మునగడం తేలడం మాత్రం ఫండ్ కన్నా మీ బొటనవేలి చేతిలో ఎక్కువుంది. నేను మునిగింది అట్లాగే.

ఆదోనిలో పత్తి మండీలో లెక్కలు రాస్తాను. 2018 జూన్ నుంచి నెలకు 3 వేలు నిఫ్టీ ఇండెక్స్ ఫండ్‌లో కట్టేవాణ్ణి. నిఫ్టీ అంటే 50 పెద్ద కంపెనీల షేర్ల రేట్లు కలిపి చూపే సూచీ. ఆ కంపెనీల షేర్లనే అదే పాళ్లలో కొనిపెట్టేది ఇండెక్స్ ఫండ్. 2020 మార్చి 23, సోమవారం. ముందురోజే జనతా కర్ఫ్యూ. పది గంటలు కాకముందే నిఫ్టీ పది శాతం పడిందని మార్కెట్‌ను 45 నిమిషాలు ఆపేశారు. తెరిచాక ఇంకా పడింది. నేను మిద్దె మెట్ల మీద కూర్చొని యాప్ తెరవడం, మూయడం. కట్టింది 66 వేలు, చూపిస్తున్నది 51 వేల చిల్లర. అంతలో మా బావ ఫోను: “తీసేయ్ బామ్మర్దీ, రేపటికి ఇది గూడా ఉండదు!”

అమ్మ చాటలో కందిబేడలు పోసుకొని రాళ్లు ఏరుతోంది. విషయం చెప్తే తల ఎత్తకుండానే అడిగింది: “రేటు పడినపుడు మీ సేటు గోడౌన్లో బేళ్లన్నీ అమ్ముకుంటాడేమిరా?”

“నీకు తెలీదు, గమ్మునుండమ్మా” అని అంతా అమ్మేశాను.

చేతికొచ్చింది 45 వేలు. మోసం జరిగిందని ఆ రాత్రంతా ఒకటే రుసరుస. తర్వాత అర్థమైంది. యాప్‌లో కనిపించింది శుక్రవారం లెక్క. ఫండ్ అమ్మితే ఆరోజు మార్కెట్ మూసేటప్పటి రేటే ఇస్తారు. నిఫ్టీ ఆ సోమవారం 7,610 దగ్గర మూసింది. అదే ఏడాది నవంబరులో 13,000 దాటింది. కదిలించకుండా ఉంటే నా 45 వేలు 75 వేల పైమాటే.

బావ గురించి ఒక మాట. తొలకరి పడితే చాలు, పనులు మానుకొని జొన్నగిరి, పగిడిరాయి చేలల్లో వజ్రాలకు పోతాడు. ఇంట్లో పచ్చడి సీసా నిండా రాళ్లున్నాయి, ఒక్కటీ వజ్రం కాదు. షేర్లు కొనేదీ అదే కన్నుతో. ఆయనకు ఇండెక్స్ ఫండ్ అంటే చిన్నచూపు, “దాంట్లో మన తెలివేముంది?” అంటాడు. ఏమీ లేదు, అందుకే నాకు నచ్చింది. 50 కంపెనీలు, వాటి సైజును బట్టి వాటా, ఆరు నెలలకోసారి జాబితా సరిచూస్తారు. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ దొంగ లెక్కల బండారం బయటపడితే, వారం తిరక్కుండా దాన్ని నిఫ్టీలోంచి తీసి ఇంకో కంపెనీని పెట్టారు. ఫండ్ ఉన్నవాడికి దాని వాటా మేరకే దెబ్బ. అచ్చంగా సత్యం షేర్లే పట్టుకున్నవాడి గతి వేరే చెప్పాలా?

ఇంకో సంగతి, బ్యాంకుకు పోయి మాత్రం అడగొద్దు. మా పెదనాయన రిటైరయ్యాక మ్యూచువల్ ఫండ్ కావాలని ఒక బ్యాంకుకు పోతే, ఏసీ గదిలో కూర్చోబెట్టి కాఫీ ఇచ్చి పదేళ్ల ఇన్సూరెన్సు పాలసీ అంటగట్టినారు. ఆ మనిషికి అప్పటికి 61 ఏళ్లు! కాఫీ బాగుందంట.

మీరే ఫండ్ కంపెనీ దగ్గర నేరుగా కొనే డైరెక్ట్ ప్లాన్ తీసుకోండి. 2013 నుంచి ఆ వీలుంది, మధ్యలో కమీషన్ ఉండదు. నిఫ్టీ ఫండ్‌కైతే లక్షకు ఏడాదికి రెండు మూడొందల ఖర్చు. ఏడెనిమిదేళ్లలోపు అవసరమయ్యే డబ్బు, అంటే పాప పెళ్లికో ఇంటి స్లాబుకో దాచింది, ఇందులో పెట్టొద్దు.

నేను ఆ ఏడాది దీపావళి తర్వాత మళ్లీ మొదలుపెట్టాను, అమ్మినదానికన్నా ఎంతో ఎక్కువ రేటుకు. ఇప్పుడు ఫోన్లో యాప్ ఉంచుకోవడం లేదు. ఉగాదికి ఒక్కసారి వేసుకొని, చూసి, తీసేస్తాను. పాస్‌వర్డ్ అమ్మ మందుల చీటీ వెనక రాసిపెట్టుంది, అడిగితే గానీ ఇవ్వదు.