స్టాండ్ మీద బాగానే ఉండి, లాంచ్‌లో కట్ అయ్యే ఆర్ఎక్స్ 135

తమ్ముడూ, పర్లాకిమిడి నుంచి నువ్వు రాసింది చదవగానే మా షెడ్డులో పడ్డ పాట్లు గుర్తొచ్చాయి. నీ యమహా ఆర్ఎక్స్ 135 డ్రాగ్ బండి (తిన్నటి దారిలో కొద్ది దూరం పందేనికి తయారుచేసింది) స్టాండ్ మీద ఎంత రేజ్ చేసినా శుభ్రంగా తిరుగుతోంది, లాంచ్‌లో, అంటే లైన్ మీద క్లచ్ వదలగానే, మొదటి ఇరవై ముప్పై మీటర్లలో టక్కున ఆగి మళ్ళీ అందుకుంటోంది, ప్లగ్గు, సీడీఐ (స్పార్క్‌ని సమయానికి వదిలే ఎలక్ట్రానిక్ బాక్సు), కాయిల్ (ప్లగ్గుకి వోల్టేజీ పెంచి పంపేది) మార్చినా తగ్గలేదు అన్నావు. ముందు కొనడం ఆపు. మూడూ కొత్తవే అయినా జబ్బు అలాగే ఉందంటే అది వాటిని కలిపే వైర్లలో ఉండే అవకాశమే ఎక్కువ.

మాది రాయగడ. మా ఆర్ఎక్స్‌కీ అచ్చం ఇదే తంతు. బొలేరో వెనక ఎక్కించుకుని దాదాపు వెయ్యి కిలోమీటర్లు వెళ్ళి, శ్రీపెరంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాక్ మీద దింపాం. రెండు రన్నులూ లాంచ్‌లోనే పోయాయి. చూసిన ప్రతివాడూ తప్పు కార్బ్‌ది (పెట్రోలునీ గాలినీ కలిపే కార్బురేటర్‌ది) అన్నాడు. జెట్లు మార్చాం, ఫ్లోట్ ఎత్తు సరిచేశాం, ఏమీ కాలేదు. తిరుగు ప్రయాణంలో మా రైడర్ తుని దాటేదాకా నాతో మాట్లాడలేదు.

చివరికి దొరికింది నా తెలివి వల్ల కాదు. బండి ఐడిల్‌లో ఉండగా షెడ్డు కుర్రాడు ఎక్కి కూర్చుని, రేసర్‌లా పోజు పెట్టి, మోకాళ్ళతో టాంకు బిగించి వెనక్కి జరిగాడు. ఇంజన్ ఆగిపోయింది. తిట్టబోయాను. వాడు మళ్ళీ కిక్ కొట్టి అలాగే జరిగాడు, మళ్ళీ ఆగింది. టాంకు ఎత్తి చూస్తే కిల్ స్విచ్ (ఇంజన్ ఆపే స్విచ్) వైరు ఫ్రేముకి ఒరుసుకుని, నువ్వుగింజంత మేర రాగి బయటపడి ఉంది. మాటిమాటికీ టాంకు ఎత్తాల్సి వస్తుందని వెనక బోల్టు తీసేసి రబ్బరు పట్టీతో కట్టింది నేనే. లాంచ్‌లో టాంకు ఓ అరంగుళం వెనక్కి జరిగి వైరుని నొక్కేది, అది ఫ్రేముకి తగిలి ఎర్త్ అయ్యేది.

ఇక్కడ ఒక సంగతి తెలుసుకోవాలి. ఆర్ఎక్స్ లాంటి బండిలో సీడీఐకి కరెంటు బ్యాటరీ నుంచి కాదు, మ్యాగ్నెట్ లోపలి సోర్స్ కాయిల్ నుంచి వస్తుంది. కిల్ వైరు ఫ్రేముకి తగిలితేనే ఇంజన్ ఆగుతుంది. అంటే ఆ వైరు తెగితే బండికి ఏమీ కాదు, ఎక్కడైనా షార్ట్ అయితే మాత్రం స్పార్క్ పోతుంది. బ్యాటరీతో నడిచే సీడీఐలో లెక్క తలకిందులు. అక్కడ చాలామటుకు కిల్ స్విచ్ 12 వోల్టుల లైనునే కట్ చేస్తుంది కాబట్టి లూజ్ కాంటాక్ట్ ఉంటే బండి ఆగుతుంది. రైడర్ పడిపోతే ఇంజన్ ఆగేలా తాడుతో చేతికి కట్టే లాన్యార్డ్ స్విచ్ కూడా ఈ రెండు రకాల్లో దొరుకుతుంది. నీ బాక్సుకి ఏ రకం సరిపోతుందో చూసుకో.

నీ బండికి పరీక్ష తేలికే. సీడీఐ దగ్గర కిల్ వైరు పీకెయ్. యమహాలో సాధారణంగా నలుపు మీద తెలుపు గీత ఉంటుంది, కానీ నీ వైరింగ్ ఎవరెవరి చేతులు మారిందో నాకు తెలియదు. తర్వాత స్టాండ్ మీదే ఐడిల్‌లో ఉంచి టాంకు కదుపు, హ్యాండిల్ ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పు, వైర్ల కట్టని చేత్తో అటూ ఇటూ వంచు. వైరు పెట్టినప్పుడు ఆగి, పీకినప్పుడు ఆగకపోతే దొంగ దొరికినట్టే. వైరు పీకాక ఇంజన్ ఆపడానికి స్విచ్ ఉండదు, కాబట్టి టాప్ గేర్ వేసి, వెనక బ్రేకు తొక్కి, మెల్లగా క్లచ్ వదులు. అలా పీకిన బండిని ట్రాక్ మీదకి మాత్రం తీసుకెళ్ళకు, రోడ్డు మీద అసలు వద్దు.

అదీ కాకపోతే ఎర్త్ చూడు. ఫ్రేముకి పౌడర్ కోటింగ్ వేయించావా? మేం వేయించాం, మెరుపు చూసి మురిసిపోయాం. కాయిల్ బిగించే చోట కూడా పెయింటు పట్టేసింది, కాయిల్‌కి ఎర్త్ సరిగా అందలేదు. బోల్టు కింద లోహం మెరిసేదాకా గీకి, ఇంజన్ నుంచి ఫ్రేముకి ఒక లావు వైరు విడిగా వెయ్యి. మన వైపు వానాకాలం కప్లర్లలో (వైర్లు కలిసే జాయింట్లలో) పచ్చగా చిలుము పడుతుంది. పైకి చూస్తే బాగానే ఉంటాయి, విప్పి చూడు.

ప్లగ్గు బయటికి తీసి కిక్ కొడితే నీలం స్పార్క్ వచ్చిందని నమ్మకు. గాలిలో దూకడం వేరు, సిలిండర్ లోపల ఒత్తిడి మీద దూకడం వేరు. లోపల చాలా ఎక్కువ వోల్టేజీ కావాలి. బలహీనమైన కాయిల్, కాలిన ప్లగ్ క్యాప్ అక్కడే దొరికిపోతాయి. రెసిస్టర్ క్యాప్ అయితే మీటరులో 5 కిలో ఓమ్‌ల దగ్గర చూపించాలి, అంతులేనంత చూపిస్తే పారెయ్.

చల్లగా ఉన్నప్పుడు బాగుండి, రెండు మూడు రన్నుల తర్వాత వేడెక్కాక మొదలైతే మాత్రం పికప్ కాయిల్‌ని (స్పార్క్ ఎప్పుడు వేయాలో సీడీఐకి చెప్పేదాన్ని) అనుమానించు. హెయిర్ డ్రయర్‌తో వేడి చేస్తూ మీటరు పెట్టి చూడు, తెగిపోయే వైండింగ్ అక్కడే బయటపడుతుంది. కిక్ ఎదురు తన్నుతుంటే ఫ్లైవీల్ కీ (ఫ్లైవీల్ షాఫ్టు మీద జరగకుండా పట్టే చిన్న ముక్క) కూడా ఓసారి చూడు, సగం కోసుకుపోయి టైమింగ్ జరిగి ఉండొచ్చు.

పెట్రోలు తక్కువైతే బండి మెల్లగా నీరసిస్తుంది, స్పార్క్ పోతే స్విచ్ ఆపినట్టు ఆగుతుంది. నువ్వు టక్కున అన్నావు కాబట్టే ఇంత నమ్మకంగా వైరింగ్ అంటున్నాను. ఈసారి కట్ అయిన వెంటనే క్లచ్ పట్టి, ఇంజన్ ఆపి, ప్లగ్గు విప్పి తడిగా ఉందో పొడిగా ఉందో చూసి చెప్పు.