చార్మినార్ దగ్గర జనం నడక స్టడీ చేయబోతున్న మా అమ్మాయికి

తల్లీ, నీ మెసేజ్ చూశా, కాలేజీలో డిజైన్ స్టూడియో ప్రాజెక్టుకి చార్మినార్ నుంచి మదీనా చౌరస్తా దాకా జనం ఎలా నడుస్తున్నారో తీసుకున్నావంటే నాకు భలే సంతోషమేసింది. కానీ ల్యాప్‌టాప్ తెరిచి మ్యాప్ మీద బాణాలు గీయడం ఇప్పుడే మొదలుపెట్టకు. ముందు రెండు మూడు రోజులు ఊరికే వెళ్లి నిలబడు.

ఎందుకు చెప్తున్నానంటే, నీ వయసులో నేనూ ఓ బజారు స్టడీ చేశా, మే నెలలో ఒక్క మధ్యాహ్నం వెళ్లి నడిచేవాళ్లని మాత్రమే లెక్కపెట్టా, నిలబడ్డవాళ్లందర్నీ 'అడ్డం' అని రాసేశా. ఆ లెక్క నమ్ముకుని డిజైన్‌లో తోపుడు బళ్లు తీసేశా, చెట్టు లేకుండా పెద్ద ఖాళీ జాగా పెట్టేశా. అది తప్పని అర్థమవడానికి చాలా ఏళ్లు పట్టింది, నీకంత టైమ్ పట్టకూడదనే ఇదంతా.

లాడ్ బజార్‌లో ఒక అరగంట గాజుల షాపు ఎదురుగా నిలబడి చూడు. లోపల ట్యూబ్‌లైట్ల వెలుగులో అన్ని రంగులూ ఒకేలా మెరుస్తాయి, అందుకని గాజులు కొనడానికొచ్చిన ఆవిడ బ్లౌజు ముక్క, గాజుల సెట్టు పట్టుకుని బయటికొచ్చి, ఎండలో చెయ్యి చాపి రంగు కలిసిందో లేదో చూసుకుంటుంది, పక్కన అక్కో అత్తో ఇంకో సెట్టు పట్టుకుని ఉంటుంది. రోడ్డు మధ్యలో ఇద్దరు మనుషులు, రెండు నిమిషాలు, జనం అటూ ఇటూ చీలి వెళ్లిపోతారు. మ్యాప్‌లో అది ఇరుకు అనిపిస్తుంది, కానీ బజారు నడిచేదే దానివల్ల. నగరాల్లో జనం తీరుని స్టడీ చేసిన విలియం వైట్ అనే ఆయన 1970ల్లో న్యూయార్క్‌లో కెమెరాలు పెట్టి చూస్తే అక్కడా అంతే, మాట్లాడుకోవడానికి ఆగినవాళ్లు పక్కకి వెళ్లకుండా జనం నడిచే దారిలోనే నిలబడుతున్నారని తేలింది.

అందుకే రెండు లెక్కలు విడివిడిగా తీసుకో. ఒకటి నడిచేవాళ్లది: ఒక షాపు గుమ్మం నుంచి ఎదుటి షాపు గుమ్మానికి గీత ఉందనుకుని, గంటకోసారి 5 నిమిషాలు, రెండు వైపులా దాటినవాళ్లని లెక్కపెట్టు, 12తో గుణిస్తే గంటకి ఉజ్జాయింపుగా తెలుస్తుంది. రెండోది ఆగినవాళ్లది: 15 నిమిషాలకోసారి ఆ వీధి ఒక చివర నుంచి ఇంకో చివరకి నడుస్తూ ఎవరెక్కడ నిలబడ్డారో, ఎందుకు నిలబడ్డారో చుక్కలు పెట్టుకో. ఆ రెండో కాగితమే నీ ప్రాజెక్టుకి ప్రాణం.

టేపు తప్పకుండా తీసుకెళ్లు. ఐఆర్‌సీ 103, అంటే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ వాళ్లు నడిచేవాళ్ల కోసం పెట్టిన మార్గదర్శకాల ప్రకారం ఫుట్‌పాత్ మీద నడవడానికి కనీసం 1.8 మీటర్లు ఖాళీగా ఉండాలి. నువ్వు మాత్రం గోడ నుంచి అంచు దాకా కొలిచి సరిపోయిందనుకోకు, కరెంటు స్తంభం, షాపు మెట్లు, బయటపెట్టిన సామాను తీసేశాక ఎంత మిగిలిందో అది కొలువు. చార్మినార్‌కీ మదీనాకీ మధ్యలో ఉన్న పత్తర్‌గట్టీ బజారులో రాతి కమానుల కింద వరండా ఎంత బాగుంటుందో, ఎండకి నీడ, వానకి చాటు, అయినా జనం ఎక్కడ లోపలికి ఎక్కుతున్నారు, ఎక్కడ రోడ్డు మీదకి దిగిపోతున్నారు అనేది కమాను కమానుకీ రాసుకో.

ఒక్కరోజు లెక్కతో సరిపెట్టకు. మామూలు రోజు, ఆదివారం, శుక్రవారం మక్కా మసీదులో నమాజ్ అయ్యే టైమ్, ఈ మూడూ మూడు వేర్వేరు ఊళ్లు అనుకో, ఇక రంజాన్ రాత్రులు దొరికితే అసలు వదలకు.

ఇంకోటి, ఆడవాళ్ల వెనకాల ఫోన్ పట్టుకుని వెళ్లొద్దు, ఎంత చదువు కోసమైనా సరే. వీడియో కావాలంటే షాపాయన్ని అడిగి పై అంతస్తు నుంచి తీసుకో, మొహాలు కనపడక్కర్లేదు. నానమ్మని కూడా ఒకరోజు తీసుకెళ్లు, ఆవిడ మోకాళ్ల నొప్పితో ఎక్కడ ఆగిందో, కూర్చోవడానికి ఎక్కడ వెతుక్కుందో గుర్తుపెట్టుకో, సిగ్నల్ టైమింగుల్లో లెక్కేసే సెకనుకి 1.2 మీటర్ల నడక ఆవిడది కాదు.

ఆదివారం పొద్దున 7కి నేనూ వస్తా, గుల్జార్ హౌజ్ ఫౌంటెన్ దగ్గర ఉంటా. టోపీ, నీళ్ల బాటిల్, రెండు పెన్సిళ్లు తెచ్చుకో, ఆ రోజుకి ల్యాప్‌టాప్ ఇంట్లోనే పెట్టేయ్.

మీ బాబాయ్