వెన్నెముక ఆపరేషన్‌కు అప్పు కంటే ముందు ఆరు నెలల ఇంటి ఖర్చు

ప్రశ్న: నా వయసు 36. గాజువాకలో ఉంటాం. రుషికొండ ఐటీ హిల్స్‌లోని ఒక సంస్థలో అకౌంట్స్ విభాగంలో పనిచేస్తున్నాను. నెలకు రూ.52,000 చేతికి వస్తుంది. మావారి మొబైల్ రిపేరు షాపు మీద సగటున రూ.30,000 మిగులుతుంది. ఇంటి రుణం వాయిదా రూ.21,500, చీటీ రూ.10,000, మిగతా ఖర్చులు రూ.35,500 అవుతున్నాయి. అయిదు లక్షల చీటీ ఇంకా 14 నెలలు ఉంది. పద్నాలుగో ఏట నాకు స్కోలియోసిస్ (వెన్నెముక పక్కకు వంగడం) ఉన్నట్టు తేలింది. అయిదేళ్ల కిందట 49 డిగ్రీలున్న వంపు ఇప్పుడు 54కు వచ్చింది, నొప్పి కూడా పెరిగింది. ఆపరేషన్ చేయించుకోవచ్చని, తొందరేమీ లేదని, నిర్ణయం నాదేనని డాక్టరు గారు చెప్పారు. ఆసుపత్రి అంచనా రూ.9.5 లక్షలు, ఆఫీసు బీమా రూ.5 లక్షలు, నా పేరున ఉన్న ఫిక్స్‌డ్ డిపాజిట్ రూ.2.2 లక్షలు. తగ్గిన రూ.2.3 లక్షలు తెలిసినవారు నూటికి రెండు రూపాయల వడ్డీకి ఇస్తామంటున్నారు. బాబుకు సెలవులు కాబట్టి వచ్చే మే నెలలో చేయించుకుందామని ఉంది. ఈలోగా వెన్ను సంగతి రాయకుండా కొత్త పాలసీ తీసుకోమని ఒక ఏజెంటు చెబుతున్నారు. ఏం చేయమంటారు?
— ఒక పాఠకురాలు, గాజువాక

జవాబు: ఆపరేషన్ చేయించుకోవాలా వద్దా అన్నది మీరూ మీ డాక్టరూ తేల్చుకోవలసిన విషయం. ఎప్పుడు, ఏ డబ్బుతో అన్నదానికి మాత్రం నేను జవాబు చెప్పగలను. ఈ మే నెలలో వద్దు, వడ్డీ డబ్బుతో అసలే వద్దు. ఫిబ్రవరిలో ఉన్నాం కనుక వచ్చే ఏడాది వేసవి సెలవులకు పదిహేను నెలల వ్యవధి ఉంది, మీకు కావలసింది సరిగ్గా అంత వ్యవధే. మోకీలు మార్పిడి కానివ్వండి, వెన్ను కానివ్వండి, ముందుగా తేదీ నిర్ణయించుకొని చేయించుకునే ఆపరేషన్ల గురించి రాసేవారందరూ ఆసుపత్రి అంచనా జత చేస్తారు గాని, ఇంటికి వచ్చిన తరువాత ఆరు నెలలు ఇల్లు ఎలా గడుస్తుందో ఒక్కరూ రాయరు. మీ ఉత్తరాన్ని ఎంచుకోవడానికి కారణం అదే.

ముందుగా వ్యవధి సంగతి. పెద్దవారిలో 30 డిగ్రీల లోపు వంపులు సాధారణంగా పెరగవు. 50 దాటినవి ఏడాదికి సుమారు ఒక డిగ్రీ చొప్పున పెరిగే అవకాశం ఉంటుంది. మీ 49, 54 అంకెలు ఆ లెక్కకు సరిపోతున్నట్టే కనిపిస్తున్నా, ఒకే ఎక్స్‌రేను ఇద్దరు కొలిచినప్పుడు అయిదు డిగ్రీల దాకా తేడా రావడం మామూలే. కనుక పాత ఫిల్మునూ కొత్త ఫిల్మునూ పక్కపక్కన పెట్టి ఒకే వెన్నెముక నిపుణుడి చేత రెంటినీ కొలిపించండి. ఆ తరువాత, మొదటి ఆసుపత్రితో సంబంధం లేని మరో సర్జన్ అభిప్రాయాన్ని, విశాఖలో గాని హైదరాబాద్ నిమ్స్‌లో గాని, రాతపూర్వకంగా తీసుకోండి. పెద్ద వయసులో ఈ ఆపరేషన్‌కు చిక్కులు పిల్లల్లో కంటే ఎక్కువగా వస్తాయని, కొందరికి రెండో ఆపరేషన్ కూడా అవసరమవుతుందని వైద్యులే చెబుతారు. అలాగని ఏళ్ల తరబడి వాయిదా వేయడమూ మంచిది కాదు, ఎముక బలం తగ్గేకొద్దీ స్క్రూలకు పట్టు తగ్గుతుంది. నేను అడుగుతున్నది పదిహేను నెలలు మాత్రమే. ఈలోగా కాళ్లలో బలహీనత, తిమ్మిరి పెరగడం, మూత్రంపై అదుపు తప్పడం వంటివి కనిపిస్తే ఈ జవాబును పక్కన పెట్టి ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి. అప్పుడు బ్యాంకులో బంగారం పెట్టి తెచ్చుకున్నా నేను తప్పు పట్టను.

మీరు పంపిన అంచనా కాగితం చూశాను. పైన ప్యాకేజీ మొత్తం పెద్ద అక్షరాల్లో ఉంది. అడుగున చిన్న అక్షరాల్లో, ఇంప్లాంట్ల సంఖ్యను బట్టి ధర మారుతుందని, రక్తం, ఆపరేషన్ సమయంలో నరాల పనితీరును గమనించే మానిటరింగ్, రెండు రోజులకు మించిన ఐసీయూ అదనమని ఉంది. వెన్నుపూసల్లోకి స్క్రూలు దించి, వాటిని రాడ్లతో కలిపి, ఆ భాగమంతా ఒకే ఎముకగా అతుక్కునేలా చేసే ఆపరేషన్ ఇది. ఎన్ని పూసలకు స్క్రూలు వేస్తారన్నదే బిల్లును నిర్ణయిస్తుంది. ఆ సంఖ్య ఈ కాగితంలో లేదు. ఏ పూస నుంచి ఏ పూస వరకు, ఎన్ని స్క్రూలు, ఏ కంపెనీవి అని రాయించి కొత్త అంచనా అడగండి. తొమ్మిదిన్నర లక్షలు అన్నది ఆరంభపు అంకె అనుకొని, దానిపై మరో లక్ష మీ చేతిలో ఉండాలన్న లెక్కతోనే ముందుకు వెళదాం.

ఇక అసలు సంగతికి వస్తాను. కూర్చొని చేసే ఉద్యోగమైనా ఇలాంటి ఆపరేషన్ తరువాత తిరిగి చేరడానికి రెండు మూడు నెలలు పట్టడం మామూలు, పెద్దవారిలో కొందరికి ఇంకా ఎక్కువ పడుతుంది. ఎముక పూర్తిగా అతుక్కోవడానికి ఏడాది దాకా పట్టవచ్చు. మీకు మిగిలిన సెలవులన్నీ కలిపినా నెలన్నరకు మించవని రాశారు. ఆ తరువాత జీతం ఉండదు. మీ ప్రణాళిక ప్రకారమే మే నెలలో ఆపరేషన్ అయిందనుకుందాం. జూన్ నెలాఖరుకు జీతం ఆగుతుంది. నెల ఖర్చు చీటీతో కలిపి రూ.67,000, దానికి తోడు కొత్త అప్పు మీద వడ్డీ మాత్రమే రూ.4,600, వెరసి రూ.71,600. రాబడి మీవారి రూ.30,000 ఒక్కటే, అదైనా ఆయన షాపు తెరిచి కూర్చుంటేనే. ప్రతి నెలా రూ.41,600 తక్కువ. డిపాజిట్ అప్పటికే ఆసుపత్రికి వెళ్లిపోయి ఉంటుంది. ఆ రూ.41,600 కోసం మళ్లీ ఎవరి దగ్గరకు వెళతారు? ఆ రెండు రూపాయల వడ్డీ ఇచ్చిన మనిషి దగ్గరకే వెళతారు. ఈసారి ఆయన మూడు రూపాయలు అడుగుతారు.

లెక్కకు రాని ఖర్చులు ఇంకా ఉన్నాయి. మీ ఇల్లు లిఫ్టు లేని మూడో అంతస్తు. మొదటి వారాల్లో రోజూ మెట్లెక్కడం కుదరదంటే అనకాపల్లిలో మీ అమ్మగారి ఇంట్లో కింది గదికి మారవలసి వస్తుంది, అప్పుడు బాబు బడి సంగతి, మీవారి రాకపోకల సంగతి చూసుకోవాలి. ఉద్యోగంలో చేరిన తరువాత గాజువాక నుంచి రుషికొండకు, ఎన్‌ఏడీ కూడలి రద్దీ దాటి, ద్విచక్ర వాహనం వెనుక కూర్చొని వెళ్లడానికి సర్జన్ వెంటనే ఒప్పుకోరు. కొన్నాళ్లు క్యాబే దిక్కు. వీటిలో ఏదీ బీమా చెల్లించదు.

అందుకే చీటీ పోను మీ ఇంటి నెల ఖర్చు రూ.57,000కు ఆరు నెలల లెక్కన రూ.3,42,000 అత్యవసర నిధిగా పక్కన ఉండాలని పట్టుబడుతున్నాను. పైన చెప్పిన అదనపు లక్ష దానికి వేరు. ఆపరేషన్ బిల్లు కట్టడానికి ఈ నిధిని ముట్టుకోకూడదు. బిల్లు కట్టాక కూడా ఇది చెక్కుచెదరకుండా మిగిలితేనే మీరు ఆపరేషన్‌కు ఆర్థికంగా సిద్ధమైనట్టు లెక్క. మీ దగ్గర ఇప్పుడు రూ.2.2 లక్షలున్నాయి, నిధికీ ఆ లక్షకూ కలిపి కావలసినది రూ.4,42,000, బీమా పోను మిగిలే బిల్లు సంగతి తరువాత చెబుతాను. తేడా రూ.2,22,000. రాబడి రూ.82,000, ఖర్చు రూ.67,000 కనుక నెలకు మిగిలే రూ.15,000 కదలకుండా దాస్తే పదిహేను నెలల్లో ఆ తేడా పూడుతుంది. వచ్చే ఏడాది మే నెల అని నేను అన్నది ఈ లెక్కతోనే.

నిధి ఎక్కడ దాచాలని పెద్దగా ఆలోచించకండి. బ్యాంకు డిపాజిట్ చాలు, షేర్లూ ఫండ్లూ వద్దు. అయితే ఒక్క మార్పు తప్పనిసరి. డిపాజిట్ ఇప్పుడు మీ ఒక్కరి పేరునే ఉంది. మీరు ఐసీయూలో ఉన్న రోజు దాన్ని విరవాలంటే మీ సంతకమో, మీ ఫోనుకు వచ్చే ఓటీపీయో కావాలి, ఆ ఫోను మీ బట్టలతో పాటు ఆసుపత్రి లాకరులో ఉంటుంది. గడువుకు ముందే ఒక్కరి సంతకంతో విరిచే వీలుందని బ్యాంకును అడిగి తెలుసుకొని, ఇద్దరిలో ఎవరైనా తీసుకునే ఉమ్మడి ఖాతాగా ఇప్పుడే మార్పించండి.

నూటికి రెండు రూపాయలంటే ఏడాదికి ఇరవై నాలుగు శాతం. తెలిసినవారే కదా అన్న మాట ఇలాంటి ఉత్తరాల్లో తరచు చదువుతుంటాను, విసుగు కూడా వస్తుంది. తెలిసినవారన్న కారణంతో వడ్డీ తగ్గలేదు, పైగా ఆలస్యమైతే ఇంటి గుమ్మం దాకా వచ్చి కూర్చునే చనువు మాత్రం వారికి ఉంటుంది. డాక్టరే తొందర లేదన్న చికిత్సకు ఈ వడ్డీ మీద అప్పు చేయడానికి నాకు ఒక్క కారణమూ కనిపించడం లేదు. క్రెడిట్ కార్డు వాయిదాలు, ఫోన్లో నిమిషంలో ఇచ్చే రుణాలు కూడా ఈ కోవలోవే. బ్యాంకు పర్సనల్ లోన్ వడ్డీ వీటికంటే తక్కువే అయినా, జీతం ఆగిపోయే ముందు కొత్త వాయిదా తలకెత్తుకోవడం తెలివైన పని కాదు. వైద్యం కోసం పీఎఫ్ నుంచి అడ్వాన్సు తీసుకునే వీలుంది, దాన్ని చివరి మెట్టుగా ఉంచుకోండి. చీటీని ఇప్పుడు పాడుకోకండి. రిజిస్టరైన సంస్థదే అయితే ఆఖరి నెల దాకా ఆగండి, కమీషన్ పోను పూర్తి మొత్తం వచ్చే ఏడాది ఏప్రిల్‌లో చేతికొస్తుంది.

బీమా విషయంలో మీకున్న బలం ఆఫీసు గ్రూపు పాలసీ. అంతకుముందే ఉన్న జబ్బులను చాలా గ్రూపు పాలసీలు మొదటి రోజు నుంచే భరిస్తాయి, మీది భరిస్తుందని మీరు అనుకుంటున్నారు గాని కాగితం చూడలేదు. పాలసీ ఏప్రిల్‌లో పునరుద్ధరణకు వస్తుందని రాశారు కనుక ఈ వారమే హెచ్‌ఆర్ విభాగానికి మెయిల్ పెట్టండి. వెన్నెముక వంపు సరిచేసే ఆపరేషన్ కవరవుతుందా, దానికి ఇంతవరకే చెల్లిస్తామన్న వేరే ఉపపరిమితి ఏదైనా ఉందా, గది అద్దె పరిమితి ఎంత, జీతం లేని సెలవులో ఉన్నప్పుడు కవరేజీ కొనసాగుతుందా అని అడగండి. గది అద్దె పరిమితిని తేలికగా తీసుకోకండి. పరిమితి రూ.5,000 ఉండగా రూ.10,000 గదిలో చేరితే, ఆ తేడా ఒక్కటే కాకుండా సర్జన్ ఫీజు, థియేటర్ చార్జీల వంటి వాటిలోనూ అదే నిష్పత్తిలో కోత పడుతుంది. ఇంప్లాంట్లు, మందులపై ఆ కోత వేయకూడదన్న నియమం ఉండటం మీకు కొంత ఊరట.

అదే మెయిల్‌లో, ఉద్యోగులు సొంత ఖర్చుతో మరో అయిదు లక్షల టాప్‌అప్ (అదనపు కవరేజీ) తీసుకునే వీలుందా, అందులోనూ పాత జబ్బులకు నిరీక్షణ కాలం లేకుండా ఉంటుందా అని అడగండి. చాలా సంస్థలు పునరుద్ధరణ సమయంలో మాత్రమే ఈ అవకాశం ఇస్తాయి, ఆ పది పదిహేను రోజులు దాటితే మళ్లీ ఏడాది ఆగాలి. ఇది దొరికితే ఆఫీసు బీమా పోను బిల్లులో తగ్గే రూ.4.5 లక్షలు చాలావరకు ఇక్కడే పూడతాయి. దొరక్కపోతే చీటీ సొమ్ము ఉండనే ఉంది. ఏ దారిలో చూసినా అప్పు అవసరం రావడం లేదని గమనించండి. ఆపరేషన్ అయ్యి, పూర్తిగా కోలుకునే దాకా ఉద్యోగం మారే ఆలోచన గాని, మానే ఆలోచన గాని పెట్టుకోకండి, ఉద్యోగంతో పాటే ఈ కవరేజీ కూడా పోతుంది. మానక తప్పని పరిస్థితి వస్తే, గ్రూపు పాలసీ నుంచి అదే బీమా సంస్థ వ్యక్తిగత పాలసీకి మారే వీలు గురించి రాజీనామాకు ముందే విచారించండి.

ఆ ఏజెంటు సలహాకు వస్తే, ఆయనతో ఇక మాట్లాడకండి. ఆసుపత్రిలో చేరగానే డ్యూటీ డాక్టరు కేస్ షీట్‌లో రాసే మొదటి వాక్యం "పద్నాలుగో ఏట నుంచి వెన్ను వంపు ఉంది" అన్నదే. బీమా సంస్థ క్లెయిము వచ్చినప్పుడు ముందుగా తెప్పించుకునే కాగితమూ అదే. క్లెయిము తిరస్కరిస్తారు, పాలసీ రద్దు చేస్తారు, ఆ తరువాత మరో సంస్థ దగ్గర దరఖాస్తు పెట్టినప్పుడు రద్దయిన చరిత్రను కూడా రాయవలసి ఉంటుంది. అయిదేళ్లు వరుసగా ప్రీమియం కట్టాక పాత విషయాలు తవ్వకూడదన్న నిబంధన ఉన్నా, మోసం రుజువైతే అది అక్కరకు రాదు.

అయినా మీ కుటుంబానికి ఆఫీసుతో సంబంధం లేని ఒక సొంత పాలసీ ఉండాలి, వెన్ను సంగతి, పాత ఎక్స్‌రేలు, డాక్టరు సలహా అన్నీ రాసి తీసుకోండి. ముందునుంచీ ఉన్న జబ్బులకు నిరీక్షణ కాలం ఇప్పుడు మూడేళ్లకు మించకూడదు. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య బీమా ప్రీమియంపై జీఎస్టీ కూడా లేదు. ఈ పాలసీ వచ్చే ఏడాది ఆపరేషన్‌కు పనికిరాదు, రాడ్డు విరిగో పక్క పూస అరిగో కొన్నేళ్ల తరువాత రెండో ఆపరేషన్ అవసరమైతే, అప్పటికి మీరు ఈ ఉద్యోగంలో లేకపోతే, ఆ రోజుకు ఇది కావాలి. మీ వెన్ను సంగతి చూసి కంపెనీ నిరాకరిస్తే మీవారికి, బాబుకు మాత్రమైనా తీసుకోండి.

రెండో సర్జన్ ఆపరేషన్ అక్కర్లేదని, వ్యాయామం, ఫిజియోథెరపీతో నెట్టుకురావచ్చని చెబితే నెల నెలా దాచడం మాత్రం ఆపకండి, షాపు రాబడి మీద నడిచే ఇంటికి ఆ నిధి ఎలాగూ ఉండవలసిందే. హెచ్‌ఆర్ నుంచి జవాబు మౌఖికంగా వస్తే ఒప్పుకోకండి, పాలసీ పత్రం నకలు, టీపీఏ (బీమా సంస్థ తరఫున క్లెయిములు చూసే సంస్థ) పేరుతో సహా మెయిల్‌లోనే తెప్పించుకోండి. అది చేతికి వచ్చాకే ఆసుపత్రిలో తేదీ ఖాయం చేయండి.