ఫ్రాగ్, టోడ్‌లని టీవీలో చూసేశారు, ఇంక పుస్తకాలెందుకు?

ప్రశ్న: నమస్తే అండి. మా బాబుకి ఐదేళ్లు. యాపిల్ టీవీలో ఫ్రాగ్ అనే కప్ప, టోడ్ అనే గోదురుకప్ప ఫ్రెండ్స్‌గా ఉండే ఫ్రాగ్ అండ్ టోడ్ కార్టూన్ సిరీస్ పెడితే కదలకుండా కూర్చుని చూస్తాడు, చూసిందే మళ్లీ చూస్తాడు. దానికి పుస్తకాలు కూడా ఉన్నాయని ఈమధ్యే తెలిసింది, తెప్పిద్దామంటే మావారు "కథలన్నీ చూసేశాడు కదా, మళ్లీ పుస్తకాలెందుకు దండగ" అంటున్నారు. కొనమంటారా వద్దంటారా?
— ఓ అమ్మ

జవాబు: కొనండమ్మా, అస్సలు ఆలోచించొద్దు. టీవీలో చూసిందీ పుస్తకంలో ఉన్నదీ ఒకటే అయితే మీవారి మాట కరెక్టే, కానీ అవి ఒకటి కాదు. ఆర్నాల్డ్ లోబెల్ అనే అమెరికన్ రచయిత కథలు రాసి బొమ్మలు కూడా తనే వేసిన పుస్తకాలివి. మొత్తం నాలుగే, 1970, 1972, 1976, 1979లో వచ్చాయి, ఒక్కోదాంట్లో ఐదు చొప్పున 20 కథలు. అప్పుడప్పుడే కూడబలుక్కుని చదవడం మొదలుపెట్టిన పిల్లల కోసం రాసినవి కాబట్టి అన్నీ చిన్న చిన్న వాక్యాలు, బొమ్మల్లో కూడా ఆకుపచ్చ, గోధుమ రంగులే ఎక్కువ, కథంతా చాలావరకు వీళ్లిద్దరి మధ్యే నడుస్తుంది. సిరీస్‌కి అది సరిపోదు, ఎపిసోడ్లు నింపాలి కదా, అందుకని అడవిలో ఇరుగుపొరుగు జంతువులు బోలెడు వచ్చాయి, కొత్త కథలు అల్లారు. బాగానే అల్లారు, నేను కాదనను. లోబెల్ పిల్లలు ఏడ్రియాన్, ఆడమ్ ఇద్దరూ ఎగ్జిక్యూటివ్ ప్రొడ్యూసర్లుగా ఉన్నారు, బొమ్మల తీరు కూడా పుస్తకానికి దగ్గరగానే ఉంచారు.

కానీ ఉత్తరం కథే తీసుకోండి. టోడ్‌కి ఒక్క ఉత్తరం కూడా రాదు, రోజూ పోస్టు వచ్చే వేళకి గుమ్మం ముందు కూర్చుని దిగులుపడుతుంటాడు. అది చూడలేక ఫ్రాగ్ ఇంటికి పరిగెత్తుకెళ్లి ఒక ఉత్తరం రాసి, కవర్లో పెట్టి, బయట కనిపించిన నత్తకిచ్చి టోడ్ ఇంట్లో వెయ్యమంటాడు. నత్త ఇప్పుడే వెళ్తానంటుంది! ఫ్రాగ్ మళ్లీ టోడ్ ఇంటికొచ్చి కిటికీలోంచి చూస్తాడు, నత్త రాలేదు, మళ్లీ చూస్తాడు, రాలేదు, చివరికి ఉండబట్టలేక "నీకు నేనే ఉత్తరం రాశాను" అని చెప్పేస్తాడు, అందులో ఏం రాశాడో కూడా చెప్పేస్తాడు. ఇంక సర్‌ప్రైజ్ ఏముంది? ఏమీ లేదు, అయినా ఇద్దరూ బయటికెళ్లి పక్కపక్కన కూర్చుని ఎదురుచూస్తారు, నాలుగు రోజులకి నత్త వస్తుంది. ఆ నాలుగు రోజులు పుస్తకంలో ఒకటీ రెండు వాక్యాలూ ఒక బొమ్మా, అంతే. టీవీలో సీన్ ఎంతసేపు ఉండాలో వాళ్లు డిసైడ్ చేస్తారు, పుస్తకంలో మీ బాబు ఆ పేజీ తిప్పకుండా ఎంతసేపు చూస్తాడో వాడి ఇష్టం. "ఏం రాశాడో తెలిసిపోయింది కదా, ఇంకా ఎందుకు కూర్చున్నారు" అని వాడు అడిగితే మీరు వెంటనే జవాబు చెప్పకండి, వాడినే చెప్పనివ్వండి. ఆ ఖాళీ కోసమే పుస్తకం కొనమంటున్నా.

ప్రశ్న: సర్, ఇందులో కొట్టుకోవడాలు, భయపెట్టే సీన్లు ఉంటాయా? ఎన్ని సీజన్లు వచ్చాయి?
— మూడేళ్ల పాప నాన్న

జవాబు: కొట్టుకోవడాలు ఉండవండి. చాలా నెమ్మదిగా నడిచే సిరీస్, చీకట్లో భయపడటం లాంటివి వచ్చినా మెత్తగానే ఉంటాయి, మూడేళ్ల పాపతో అయితే మొదట్లో పక్కన కూర్చోండి చాలు. మొదటి సీజన్ 2023 ఏప్రిల్‌లో, రెండోది 2024 మేలో వచ్చాయి. ఫ్రాగ్‌కి నాట్ ఫాక్సన్, టోడ్‌కి కెవిన్ మైకేల్ రిచర్డ్‌సన్ గొంతులిచ్చారు. టోడ్ గొంతులో ఆ సణుగుడు వినండి, ఎంత బాగుంటుందో.

ప్రశ్న: నాకు నచ్చని విషయం ఒకటుంది. టోడ్ ఎప్పుడూ బద్ధకం, సణుగుడు, ఏది చేసినా ఓపిక ఉండదు. ఫ్రాగ్ మంచివాడు సరే, పిల్లలు మాత్రం టోడ్‌నే అనుకరిస్తున్నారు. ఇది మంచిదేనా?
— ఓ టీచర్

జవాబు: టీచర్ గారూ, పిల్లలు టోడ్‌ని అనుకరించడం లేదు, టోడ్‌లో తమని చూసుకుంటున్నారు అని నాకనిపిస్తుంది. విత్తనాలు నాటి అవి వెంటనే మొలకెత్తాలని వాటి మీద అరిచేది టోడే, కోపం వచ్చేదీ, భయం వేసేదీ, నామోషీ అయ్యేదీ టోడ్‌కే. ఇద్దరూ ఫ్రాగ్‌లే అయితే అసలు కథే లేదు కదండీ.

కుకీల కథ గుర్తుందా? టోడ్ చేసిన కుకీలు ఎంత తిన్నా ఆపలేకపోతారు, ఇద్దరూ! బుద్ధిమంతుడనుకున్న ఫ్రాగ్ కూడా. మనసుని అదుపులో పెట్టుకోవాలని ఫ్రాగ్ వాటిని డబ్బాలో పెడతాడు, "డబ్బా తెరవొచ్చుగా" అంటాడు టోడ్. తాడు కడతాడు, తాడు తెంపొచ్చుగా. నిచ్చెనేసి పై అరలో పెడతాడు, నిచ్చెనెక్కొచ్చుగా. చివరికి ఫ్రాగ్ అన్నీ బయట పక్షులకి వేసేస్తాడు, ఇప్పుడు మనకి కుకీలు లేకపోయినా బోలెడంత నిగ్రహం ఉందంటాడు, టోడేమో అదంతా నువ్వే ఉంచుకో, నేను ఇంటికెళ్లి కేక్ చేసుకుంటా అని వెళ్లిపోతాడు. రచయిత ఎవరినీ తప్పు పట్టలేదు చూడండి, ఫ్రాగ్ కూడా టోడ్‌ని మార్చాలని క్లాసు పీకడు. క్లాసులో సణిగే పిల్లలుంటే ఈ కథ చదివి వినిపించండి, వాళ్లకీ ఒక ఫ్రాగ్ దొరుకుతాడన్న ధైర్యం వస్తుంది. అది నాకు చిన్న విషయంగా అనిపించదు.

ప్రశ్న: మా అమ్మాయికి ఏడేళ్లు. తన బెస్ట్ ఫ్రెండ్ "ఇవాళ నేను ఒక్కదాన్నే ఆడుకుంటా" అందట, అప్పట్నుంచీ "నేనంటే దానికి ఇష్టం లేదు" అని ఒకటే ఏడుపు. ఎంత చెప్పినా వినట్లేదు. ఇద్దరూ ఈ సిరీస్ కలిసే చూసేవాళ్లు. ఏం చెయ్యమంటారు?
— ఓ అమ్మ

జవాబు: పాపం చిట్టితల్లి. చెప్పడం ఆపెయ్యండమ్మా, నాలుగో పుస్తకం డేస్ విత్ ఫ్రాగ్ అండ్ టోడ్‌లో ఆఖరి కథ తనతో కలిసి చదవండి. అచ్చం మీ అమ్మాయికి జరిగిందే. టోడ్ వెళ్లేసరికి ఫ్రాగ్ ఇంటి తలుపు మీద చీటీ ఉంటుంది, నేను ఇంట్లో లేను, ఒంటరిగా ఉండాలనుంది అని. నేనుండగా ఒంటరిగా ఎందుకు ఉండాలనిపించింది అని టోడ్‌కి ఒకటే బెంగ. వెతికి వెతికి చూస్తే దూరంగా నీళ్ల మధ్య ద్వీపంలో ఫ్రాగ్ కూర్చుని ఉంటాడు. టోడ్ ఇంటికెళ్లి శాండ్‌విచ్‌లూ ఐస్ టీ చేసుకుని తాబేలు వీపు మీదెక్కి బయల్దేరతాడు. దారిలో తాబేలు అడుగుతుంది, ఒంటరిగా ఉండాలనుకున్నవాణ్ణి ఉండనివ్వొచ్చుగా అని. అప్పుడు టోడ్‌కి ఇంకా భయం, నేనేం తప్పు చేశానో, నాతో ఫ్రెండ్‌షిప్ వద్దనుకున్నాడేమో అని, పిచ్చిపనులు చేసినందుకు సారీ, మళ్లీ నా ఫ్రెండ్‌వి అయిపో అని అక్కణ్ణుంచే అరుస్తాడు, అరిచి దబ్బుమని నీళ్లలో పడతాడు. శాండ్‌విచ్‌లు తడిసిపోయాయి, టీ జగ్గు ఖాళీ.

ఫ్రాగ్ ఏమంటాడో తెలుసా, పొద్దున లేవగానే చాలా సంతోషంగా అనిపించింది, ఎండ కాస్తోంది, నేను కప్పని, నువ్వు నాకు ఫ్రెండ్‌వి, ఇవన్నీ ఎంత బాగున్నాయో ఒక్కణ్ణే కూర్చుని తలుచుకోవాలనిపించింది అంటాడు. టోడ్ మీద కోపం లేనే లేదు, అసలు తలుచుకుంటున్నదే టోడ్‌ని!

చదివాక "చూశావా, నీ ఫ్రెండ్ కూడా అంతే" అని మాత్రం అనకండి. నీళ్లలో పడ్డప్పుడు టోడ్‌కి ఎలా అనిపించి ఉంటుంది అని అడగండి, మీ అమ్మాయి టోడ్ గురించి చెప్తూ తన గురించే చెప్తుంది, వినండి. ఆ రెండో పాపని కూడా పిలిచి కలిపి చదివించాలని తొందరపడొద్దు, రెండు మూడు రోజులు పోనివ్వండి. నిజంగానే ఆ పాప దూరం పెడుతోందని తర్వాత తేలితే అది వేరే సంగతి, అప్పుడు మళ్లీ రాయండి.

ప్రశ్న: నాలుగు పుస్తకాలూ వరసలోనే చదవాలా?
— ఓ తాతయ్య

జవాబు: అక్కర్లేదండి, ఏ కథకాకథే. నిద్రపుచ్చేటప్పుడు చదవడానికైతే రోజుకొకటి చాలు, చాలా చిన్నవి. శీతాకాలం నిద్ర నుంచి టోడ్‌ని ఫ్రాగ్ లేపే కథతో మొదటి పుస్తకం మొదలవుతుంది, నేనైతే అక్కణ్ణుంచే మొదలుపెడతాను. మనవడు చదవడం నేర్చుకుంటుంటే ఫ్రాగ్ మాటలు మీరు, టోడ్ మాటలు వాడు చదవండి.