బస్తీ పనులకు డబ్బు ఎక్కడ అడగాలి, ఎలా అడగాలి

అమ్మలూ,

మీ బస్తీ మహిళా సంఘాల సమాఖ్యకి అధ్యక్షురాలివయ్యావని మీ అమ్మ చెప్పింది, చాలా సంతోషం. కొండవాలు మెట్లు, రక్షణ గోడ, కాలువ, పదిమందికి ఇళ్లు, అన్నీ ఒకే అర్జీలో రాసి సోమవారం జీవీఎంసీలో, అంటే మన విశాఖ నగరపాలక సంస్థలో, ఫిర్యాదులు తీసుకునే గ్రీవెన్స్‌లో ఇస్తావట. అలా ఇవ్వకమ్మా. ఆ కాగితం ఏదో ఒక సెక్షన్‌కే వెళ్తుంది, మిగతావన్నీ అక్కడే ఆగిపోతాయి. ఇళ్ల డబ్బు ఒక దారిలో వస్తుంది, వీధి పనుల డబ్బు ఇంకో దారిలో.

ముందు ఇళ్ల సంగతి. సొంత స్థలం ఉంటే ప్రధానమంత్రి ఆవాస్ యోజన పట్టణ 2.0 కింద కేంద్రం వాటా 1.5 లక్షలు వస్తుంది, దానికి రాష్ట్రం వాటా కలుస్తుంది. పేద కుటుంబానికి ఏడాది ఆదాయం 3 లక్షలు దాటకూడదు, దేశంలో ఎక్కడా పక్కా ఇల్లు ఉండకూడదు, గత 20 ఏళ్లలో ప్రభుత్వ ఇల్లు తీసుకుని ఉండకూడదు. మనవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది స్థలం కాగితం దగ్గర. ఇంటి పన్ను రశీదు, కరెంటు బిల్లు ఉంటే చాలనుకుంటారు, కానీ అవి అక్కడ ఉంటున్నట్టు రుజువే తప్ప స్థలం మీద హక్కు కాదు. మీ కొండ రెవెన్యూదా, అటవీ శాఖదా, సింహాచలం దేవస్థానానిదా అన్నది తహసీల్దార్ ఆఫీసులో ముందే తేల్చుకో, ఎందుకంటే పంచగ్రామాల్లో, అంటే సింహాచలం చుట్టుపక్కల ఐదు ఊళ్లలో, దేవస్థానంతో ఉన్న స్థలాల సమస్య వల్ల కొన్ని దశాబ్దాలుగా ఎంతమంది నలిగిపోతున్నారో మన ఊళ్లో అందరికీ తెలుసు. ఇల్లు మంజూరయ్యాక కూడా పని ఏ దశకు వచ్చిందో ఫొటో ఆన్‌లైన్‌లో ఎక్కితేనే బిల్లు పడుతుంది కాబట్టి, పునాదికే అప్పు చేసి కూర్చోవద్దని ఆడవాళ్లందరికీ గట్టిగా చెప్పు.

ఇక వీధి పనులు. నువ్వు అసలు పట్టు పట్టాల్సింది ఇక్కడే. మున్సిపాలిటీల నికర నిధుల్లో 40 శాతం పేదల బస్తీలకు కేటాయించాలని ఉమ్మడి రాష్ట్రంలో 2004లోనే ఉత్తర్వు వచ్చింది. కాబట్టి దయ చూపమని అడగొద్దు, ఆ కేటాయింపులో మా కాలనీకి ఎంత పెట్టారని అడుగు. అలా అడగాలంటే మీ కాలనీ నోటిఫైడ్ మురికివాడల (ప్రభుత్వం అధికారికంగా గుర్తించిన బస్తీల) జాబితాలో ఉండాలి, లేకపోతే ముందు అందులో చేర్పించుకోవాలి.

అర్జీకి డబ్బు రాదు, అంచనాకి వస్తుంది, అంటే పనికి ఎంత ఖర్చవుతుందో ఇంజినీర్లు వేసే లెక్కకి. వార్డు సచివాలయంలో అమెనిటీస్ కార్యదర్శిని, ఆ పైన ఏఈని (అసిస్టెంట్ ఇంజినీర్‌ని) కొండ మీదకి తీసుకెళ్లు. గోడ ఎన్ని మీటర్లో, మెట్లు ఎక్కడి నుంచి ఎక్కడికో వాళ్లచేతే కొలిపించు. బడ్జెట్ లెక్క ఏప్రిల్ 1 నుంచి మార్చి 31 వరకు, కాబట్టి అంచనా చలికాలంలోపే తయారైపోవాలి. మార్చిలో వెళ్తే ఎవరైనా వచ్చే ఏడాది చూద్దామనే అంటారు. వానాకాలంలో గోడ జారితే పోయేది ప్రాణాలమ్మా, అందుకే అన్నిటికంటే ముందు రక్షణ గోడ అడుగు, తర్వాత కాలువ, ఆ తర్వాతే కమ్యూనిటీ హాలు. హాలు అందరికీ కనిపిస్తుంది కాబట్టి నాయకులకి అదంటేనే ఇష్టం, నువ్వు మాత్రం ఆ మాటకి మెత్తబడకు.

కార్పొరేటర్ ఉంటే కార్పొరేటర్‌తో ఉత్తరం రాయించు. లేరని మాత్రం ఆగిపోకు, 2012 నుంచి 2021 దాకా విశాఖకి ఎన్నికైన కౌన్సిలే లేదు, అయినా వెంటపడిన కాలనీల్లో పనులు జరిగాయి. కార్పొరేటర్ లేనప్పుడు మీ జోన్ చూసే జీవీఎంసీ అధికారి, జోనల్ కమిషనర్‌నే పట్టుకోవాలి.

పని మంజూరైందని నోటిమాటగా చెబితే నమ్మి ఊరుకోవద్దు. పరిపాలనా ఆమోదం నంబరు, టెండరు తేదీ, కాంట్రాక్టర్ పేరు అడిగి రాసుకో. చెప్పకపోతే సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టు, ఫీజు 10 రూపాయలు, దారిద్య్రరేఖకు దిగువ కుటుంబమని కాగితం ఉంటే అదీ అక్కర్లేదు, 30 రోజుల్లో జవాబివ్వాలి. పని నడుస్తున్నప్పుడు అంచనా నకలు చేతిలో ఉంచుకుని రోజూ ఇద్దరు ఆడవాళ్లు అక్కడ నిలబడండి. ఎం బుక్‌లో (ఇంజినీర్లు పని కొలతలు రాసే పుస్తకంలో) రాసిన కొలత, గోడ మీద కొలత ఒకటేనా అని మీరే టేపు పట్టి చూడండి.

ఈ వారంలోనే సచివాలయానికి వెళ్లి, మీ కాలనీ జాబితాలో ఏ పేరుతో ఉందో రాసుకుని నాకు వాట్సాప్‌లో పెట్టు. దాన్ని బట్టి మొదటి అర్జీ ఇద్దరం కలిసి రాద్దాం.

ఇట్లు,
మీ పెద్ద మావయ్య